ఒక చేతిలో జమ్మి

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. హుస్నాబాద్‌లో మా ఆఫీసుకు తాళం పడింది. వేసింది నేనే. జూనియర్ అసిస్టెంటుగా చేరిన ఇన్నేళ్లకు ఆ ఆఫీసులో నా చేతికి ఒక అధికారం దొరికింది. ఫొటో కూడా తీశారు.

సిద్దిపేటకు తిరిగి వచ్చేసరికి యూనియన్ వాళ్లు ఇంకో పని అప్పగించారు. రేపు ధర్నా ఎక్కడ, వంటావార్పు ఏ రోడ్డు మీద, ఎవరిని అరెస్టు చేశారు, ఎవరిని వదిలారు, అన్నీ ఇక నా ఫోన్ నుంచే మెసేజ్‌లుగా పోవాలి. నాదేమో కొత్త ఫోన్. టచ్‌ది, రెండు సిమ్‌లది. పోయిన వారమే అజహర్ దగ్గర కొన్నాను. అజహర్ నా చిన్ననాటి దోస్తు, పాత బస్టాండు దగ్గర వాడిది రీచార్జి దుకాణం. ఓం భాయ్, ఇగ నీ బొటనవేలికి కొలువు దొరికిందిరా అని నవ్వాడు.

ఇంట్లో ముగ్గురం. మమ్మల్ని కన్న అవ్వ, నేను, చెల్లె హర్షిణి. బాపు పోయాక ఇంటికి పెద్దను నేనే అంటారు. హర్షిణి ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. చేరి ఏడాది కాలేదు. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల చేతి నరం ముందు చూస్తుంది, మొహం తర్వాత చూస్తుంది. ఆ పని అంటే దానికి అంత పిచ్చి.

ఆఫీసు నుంచి తెచ్చిన ఈ డైరీ ఖాళీగా ఉంది. ఉద్యమం రోజులు కదా, రాసి పెడదామనిపించింది.

17 సెప్టెంబర్

రోడ్డు మీద పోతుంటే నలుగురు పలకరించారు. ఇదివరకు నన్ను చూసి ఎవరూ స్కూటర్ ఆపలేదు. ఇప్పుడు ఆపి, ఓమన్నా ఢిల్లీ నుంచి ఏమన్న వచ్చిందా అని అడుగుతున్నారు. జేబులోంచి ఫోన్ తీసి చూసి, ఇంకా లేదు అని చెబుతాను. ఆ ఇంకా అనే మాట చెప్పడంలో ఉన్న దర్జా నాకు తెలుసు.

ఆ మెసేజ్ వస్తుంది. తెలంగాణ వచ్చింది అని. ఊరంతటికీ ముందు నా ఫోన్‌కే రావాలి. అది వచ్చిన క్షణాన నేను స్నానంలో ఉంటే? అందుకే ఫోన్ బాత్రూం కిటికీలో పెట్టుకుంటున్నాను.

19 సెప్టెంబర్

ఈ రోజు నుంచి బస్సులు కూడా బంద్. ఊరు నిశ్శబ్దంగా ఉంది. నా ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది.

22 సెప్టెంబర్, గురువారం

పరువు పోయింది. ఇదీ సంగతి.

ఈ రోజు రిలే దీక్షలో మా ఆఫీసు వంతు. పొద్దున మెడలో దండ వేసుకుని టెంటులో కూర్చున్నాను. ఆకలి నన్నేమీ చేయలేదు. అవ్వ చిన్నప్పటి నుంచి శనివారాలు ఉపవాసం పెట్టి పెంచిన కడుపు ఇది. కానీ కరెంటు కోత. రాత్రంతా లేదు, పొద్దున లేదు. మధ్యాహ్నానికి ఫోన్ ఆగిపోయింది.

మొదట ఏమనిపించలేదు. పాటలు విన్నాను. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన కూర్చున్నాయన ఏదో చెబుతున్నాడు, ఆయన పెదవులు కదులుతున్నాయి. ఒళ్లంతా చెమట. నల్లగా ఆగిపోయిన ఫోన్‌ను తీసి చూస్తున్నాను, లోపల పెడుతున్నాను. చివరికి లేచాను. దండ తీయడం కూడా మరిచి, అజహర్ దుకాణానికి నడిచాను. వాడికి ఇన్వర్టర్ ఉంది.

అజహర్ దుకాణం పక్కనే మిరపకాయ బజ్జీల బండి. దండ వేసుకున్న మనిషి బజ్జీల బండి పక్కన నిలబడితే జనం ఏమనుకుంటారు? దీక్షల కూసోని బజ్జీలు తిని వచ్చిండు అని సాయంత్రానికి టెంటంతా పాకింది. నిమ్మరసం ఇచ్చే పెద్దమనిషి నా గ్లాసు దగ్గరకు వచ్చి, నీకు అవసరమా అన్నాడు.

నేను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ మాట గట్టిగా చెప్పొచ్చు. చెబితే, మరి ఎందుకు పోయినవ్ అంటారు. దానికి జవాబు చెప్పే కంటే బజ్జీలు తిన్నాడు అనిపించుకోవడమే నయమనిపించింది. తల వంచుకుని ఊరుకున్నాను.

23 సెప్టెంబర్

హర్షిణి ఒక ఆట కనిపెట్టింది. నేను ఫోన్ చూస్తున్నప్పుడు నోటికి ఏది వస్తే అది చెబుతుంది, నేను ఊ అంటానో లేదో చూస్తుంది. అన్నా, పొయ్యి మీది పాలల్ల బల్లి పడ్డది, తాగుతవా అందట. ఊ అన్నానట. అన్నా, బ్యాండాయినతోని లేచిపోతున్న, ఆదివారం ముహూర్తం అందట. సరే, జల్ది రా అన్నానట. అవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నవ్వాను.

నవ్వాను గాని, ఆ మాటలు నేను అన్నట్టు నాకు అసలు తెలియదు. నా నోరు నన్ను అడగకుండా మాట్లాడుతోందన్న మాట.

27 సెప్టెంబర్, మంగళవారం

కొత్త రూలు వచ్చింది. ఒక సిమ్ నుంచి రోజుకు వంద మెసేజ్‌లే. వందతో నాకేమవుతుంది? పొద్దున పళ్లు తోముకునేలోపు అయిపోతాయి.

రెండో సిమ్ కావాలి. హర్షిణి సిమ్ అడిగాను. నాకు ల్యాబు నుంచి కాల్స్ వస్తయి గదా అన్నది. ఉద్యమం కన్నా ల్యాబు ఎక్కువా అన్నాను. అది ఒక్క క్షణం నా వంక చూసి, తన చిన్న ఫోన్ వెనక మూత తీసి సిమ్ నా చేతిలో పెట్టింది. నాకు ఎవరన్న చేస్తే చెప్పు అన్నా, మరువకు అన్నది. సరే అన్నాను. ఇప్పుడు దాని నంబరు కూడా నా ఫోన్‌లోనే.

ఎంగిలిపూల బతుకమ్మ ఈ రోజు. ఆడవాళ్లంతా పూలు పట్టుకుని పోయారు. నేను ఇంట్లోనే ఉండి రెండు వందలు పూర్తి చేశాను.

30 సెప్టెంబర్, శుక్రవారం

పెద్దబాపు సిద్ధయ్య వచ్చాడు. బాపుకు అన్న. మా కులంలో ఏ ఇంట్లో ఏది తెగకపోయినా ఆయన మాటే మాట. హర్షిణికి సంబంధం తెచ్చాడు. మిరుదొడ్డి దేవరాజు కొడుకు, పేరు శ్రీనివాస్. భివండీలో మరమగ్గాల మీద పని, అక్కడే గది. పిలగాడు మంచోడు, సిగరెట్ సుత ముట్టడు, దసరాకు వస్తుండు, మాట అనుకుందాం అన్నాడు.

ఆయన పోయాక హర్షిణి నా ముందుకొచ్చి కూర్చుంది. నా చేతిలోంచి ఫోన్ తీసి పక్కన పెట్టింది. అన్నా, మంచోడే గావచ్చు, నేను భివండీ పోను. నా ల్యాబు, నా ఊరు ఇడిచిపెట్టి గా గదిల ఎట్లుండాలె? నేను ఒద్దంటే పెద్దబాపు ఇనడు, ఆడివిల్లకేం దెలుసు అంటడు. నువ్వు అంటే ఇంటడు. దసరా నాడు నువ్వే చెప్పు అన్నది.

చెబుతాను అన్నాను. మనసారా అన్నాను. ఒక్క మాట అనడానికి ఎంతసేపు? ఇప్పుడు కాదు, చెల్లెకు ఇష్టం లేదు. అంతే కదా. దాని కళ్లల్లో నీళ్లు నేనే తుడిచాను.

ఆ కాసేపట్లో పక్కనున్న ఫోన్ రెండుసార్లు వెలిగింది. నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో హర్షిణికి తెలియదు.

4 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. కోమటి చెరువు దగ్గర జనమే జనం. నెట్‌వర్క్ జామ్.

6 అక్టోబర్, దసరా, ఉదయం

ఢిల్లీలో ఏదో కదులుతోందట. ఈ రోజు కాకపోతే రేపు అంటున్నారు. అందరికీ దసరా శుభాకాంక్షలు, వచ్చే దసరా మన రాష్ట్రంలో, అని ఒక మెసేజ్ తయారు చేశాను. బాగా కుదిరింది. ఈ ఒక్కటి ఎంతమందికి పోతుందో చూడాలి.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

పండుగ బ్రహ్మాండంగా జరిగింది. నా మెసేజ్ తిరిగి తిరిగి నాకే ఆరు చోట్ల నుంచి వచ్చింది. కింద పేర్లు మాత్రం వేరే. ఉన్నారు ఇట్లాంటి దొంగలు.

సాయంత్రం జమ్మి పూజ అయ్యాక పెద్దబాపు వచ్చాడు. వెంట ఎవరో ముగ్గురు నలుగురు. అందరూ అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నారు. పెద్దబాపు నా కుడి చేతిలో జమ్మి పెట్టాడు. అదే సమయానికి ఢిల్లీ కబుర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చర్చలు మొదలు అని ఒకటి, ఉత్తదే అని ఇంకొకటి. ఎడమ చేత్తోనే టకటక పంపించాను, నాకు ఇప్పుడు ఏ చెయ్యయినా ఒకటే. పెద్దబాపు ఏదో అడుగుతుంటే అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. అవ్వ అందరి నోట్లో చక్కెర పోసింది.

హర్షిణి అన్నం తినలేదు. తలనొప్పి అట.

7 అక్టోబర్, శుక్రవారం

ఎట్లా రాయాలి?

పొద్దున అవ్వ సంతోషంగా చెబితే తెలిసింది. నిన్న పెద్దబాపు వెంట వచ్చింది దేవరాజు, ఆయన తమ్ముళ్లు. జమ్మి నా చేతిలో పెట్టి పెద్దబాపు అడిగాడట. ఓం, నీ చెల్లెను దేవరాజు ఇంటికి ఇద్దామా? ఊ. నిండు మనసుతోని అంటున్నవా? ఊ. రేపు మాట మార్వవు గదా? ఊ.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. జమ్మి చేతిలో ఉండగా ఇచ్చిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోరు. తాత పోయాక మగ్గాలు పంచుకున్న నాడు పెద్దబాపు, బాపు అట్లాగే మాట ఇచ్చుకున్నారు. ఎక్కువ తక్కువలు వచ్చినా మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. అది తెలిసే పెద్దబాపు దసరా దాకా ఆగాడు.

చక్కెర అందుకే.

హర్షిణి దగ్గరికి పోయాను. వినలేదు చెల్లె, నిజంగా వినలేదు అన్నాను. నాకు ఎరుకనే అన్నది. నేను తలుపు సందుల నుంచి చూసిన. మొదటిసారి ఊ అన్నప్పుడు నవ్వొచ్చింది, ఆట అనుకున్న. మూడోది అన్నప్పుడు అర్థమయింది అన్నది. అరవలేదు, ఏడవలేదు. ల్యాబుకు టైమైంది అని చెప్పులు తొడుక్కుంది.

అది తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

8 అక్టోబర్

పెద్దబాపు ఇంటికి పోయాను. వినకుండా ఊ అన్నానని చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు అడిగిన. దేవరాజు ముంగట అడిగిన. చెవులున్నయి, నోరున్నది, ఇనలేదంటే ఎవడు నమ్ముతడురా? అన్నాడు.

ఫోన్ చూస్తున్నానని చెప్పాను. ఫోన్ల ఏమున్నది, దయ్యమున్నదా అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. గొంతు తగ్గించి, నిజం చెప్పు కొడుకా, నాడు తాగినవా? పండుగ గదా, తప్పు లేదు. తాగినోని మాట లెక్కల వట్టరు. తాగిన అని నలుగుర్ల ఒప్పుకో, నేనే దేవరాజు కాళ్లు పట్టుకొని కొట్టేయిస్త అన్నాడు.

దారి చూపించాడు పెద్దమనిషి. సరే తాగాను అంటే సరిపోయేది.

నేను తాగను అన్నాను. ఎన్నడూ తాగలేదు, మీకు తెలియదా అన్నాను. రోషంగా అన్నాను కూడా. అయితే మాట మాటే అని ఆయన లేచిపోయాడు.

దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. బజ్జీలు తిన్నావంటే ఒప్పుకున్న వాడివి, చెల్లె కోసం తాగాను అనలేకపోయావా? మూల తిరిగేసరికి ఫోన్ మోగింది. తిట్టుకోవడం ఆగిపోయింది.

10 అక్టోబర్, సోమవారం

ఈ రోజు నుంచి ఫోన్ చూడను. ధర్నా టైములో తప్ప.

పొద్దున: ఫోన్‌ను బియ్యం డబ్బాలో, అడుగున పెట్టాను. అవ్వకు చెప్పాను, అడిగినా ఇవ్వకు అని.

మధ్యాహ్నం: అవ్వ అన్నానికి బియ్యం తీస్తుంటే నేను కూడా ఒక చెయ్యి వేశాను, సాయం చేద్దామని. నేను ఎప్పుడైనా వంటింట్లో సాయం చేశానా? అవ్వ చూసింది. ఫోన్ మీది బియ్యం కొంగుతో తుడిచి నాకే ఇచ్చింది. తీసుకో బిడ్డా, గిట్ల దొంగతనం చేసుడు నేను చూడలేను అన్నది.

11 అక్టోబర్

ఇది రాయకపోతే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు.

ఇన్‌బాక్స్ నిండడానికి వచ్చింది. నిండితే కొత్తవి రావు. రైల్ రోకో గురించి కబురు రావాల్సి ఉంది. డిలీట్ ఆల్ నొక్కాను. అన్నీ తీసేయాలా అని ఫోన్ అడిగింది. ఆ ప్రశ్న వెనకాల, స్క్రీన్ పైభాగాన, అప్పుడే వచ్చిన మెసేజ్ ఒకటి సగం కనబడుతోంది. హర్షిణి సిమ్‌కు వచ్చింది. హర్షిణి గారూ నేను శ్రీనివాస్‌ను, మీకు ఇష్టం లేకుంటే, అని ఉంది.

ఆ మాట మనసుకు ఎక్కేలోపు వేలు యస్ నొక్కేసింది.

వేలు అని రాస్తున్నాను. నేను అని రాయాలి. కానీ ప్రమాణం చేసి చెప్పగలను, నేను ఆగమన్నాను. ఆగు అని మనసులో అన్నప్పటికే స్క్రీన్ ఖాళీ. నంబరు కూడా పోయింది. అజహర్ దగ్గరకు పరుగెత్తాను. వాడు ఫోన్ విప్పి చూసి, పోయింది యార్, పోయినట్టే అన్నాడు.

మీకు ఇష్టం లేకుంటే. ఆ తర్వాత ఏముంది? ఆ అబ్బాయి ఏం చేస్తానన్నాడు? పెద్దబాపును అడిగి నంబరు తీసుకోవచ్చు. ఎందుకు అని అడుగుతాడు. హర్షిణికి చెప్పొచ్చు. చెబితే అదే పోయి ఎట్లాగో కనుక్కుంటుంది.

సాయంత్రం అది ల్యాబు నుంచి వచ్చి, నాకు ఎవరన్న చేసిన్రా అన్నా అని అడిగింది. ఎవరూ చేయలేదు అన్నాను.

12 అక్టోబర్

చెప్పలేదు.

14 అక్టోబర్, శుక్రవారం

ఆదివారం పూలు పండ్లు. దేవరాజు వాళ్లు వచ్చి హర్షిణి ఒడిలో పూలు, పండ్లు పెడితే ఇక తిరుగు లేదు. పెళ్లి కార్తీకంలో.

హర్షిణి ఈ రోజు మళ్లీ నా ముందు కూర్చుంది. నిన్ను ఏమంటలేను అన్నా. ఇంకొక్క మోకా ఉన్నది. పూలు పెట్టేముందు పెద్దబాపు అడుగుతడు, ఇంకేమన్న మాట ఉన్నదా అని. అప్పుడు లేచి, దసరా నాడు తాగి ఉంటిని అని చెప్పు. అందరు నవ్వుతరు. రెండు రోజులు నవ్వుతరు. నేను ఎప్పటికీ నీ రుణం మరువను అన్నది.

నువ్వే లేచి ఒద్దని చెప్పు, నేను వెనక ఉంటాను అన్నాను. అవ్వ గుండె ఆగిపోతది అన్నా, నువ్వు తాగినవంటే నాలుగు తిట్లు తిట్టి ఊకుంటది, నేను ఎదురు మాట్లాడితే చచ్చిపోతది అన్నది. నిజమే. అవ్వ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

చెబుతాను అన్నాను. ఈసారి ఫోన్ ఆఫ్ చేసి, దాని కళ్లల్లోకి చూసి చెప్పాను.

15 అక్టోబర్

అద్దం ముందు అన్నాను. దసరా నాడు నేను తాగి ఉన్నాను, ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు. బాగానే వస్తోంది. నమ్మేటట్టే ఉంది.

16 అక్టోబర్, ఆదివారం, పొద్దున

ఫోన్ అజహర్‌కు ఇచ్చి వచ్చాను. సాయంత్రం దాకా, నేను వచ్చి కాళ్ల మీద పడ్డా ఇవ్వకు అన్నాను. వాడు నవ్వలేదు. డ్రాయర్లో పెట్టి తాళం వేశాడు. జావో భాయ్, బెహన్ కా కామ్ హై, చెల్లె పని ముందు అన్నాడు.

ఇంటి దాకా నడుస్తుంటే ఒళ్లు తేలికగా అనిపించింది. చెట్లు కనబడ్డాయి. మా వీధిలో ఎవరో గోడకు కొత్త రంగు వేశారు, ఎప్పుడు వేశారో.

అదే రోజు, సాయంత్రం

ఇది ఎవరూ చదవరు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

దేవరాజు వాళ్లు రెండు జీపుల్లో వచ్చారు. చాప వేశాం. హర్షిణి పచ్చ చీరలో వచ్చి కూర్చుంది. తల వంచుకోలేదు, నన్నే చూస్తోంది. పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు. ఆయన న్యాయంగానే అడిగాడు. నా వైపు తిరిగి, ఓం, ఇంటికి పెద్దోనివి, నీ నోట ఇంకేమన్న మాట ఉన్నదా, ఉంటే పూలు పెట్టకముందే చెప్పు అన్నాడు. అందరూ ఆగారు. ఆయనకు కూడా ఆ మాట వినాలనే ఉందని నాకనిపించింది.

నేను లేచాను. నోరు తెరిచాను. దసరా నాడు, అన్న మాట నాలుక మీదికి వచ్చింది.

అప్పుడు జేబులో ఫోన్ అదిరింది.

కుడి తొడ మీద, రోజూ అదిరే చోటే, రోజూ అదిరేటట్టే. ఫోన్ అజహర్ డ్రాయర్లో ఉంది. నాకు తెలుసు. తెలిసి కూడా తల కిందికి వంగింది, చెయ్యి జేబులోకి పోయింది. వేళ్లు వెతికాయి. దస్తీ గుడ్డ ఒకటి తగిలింది. దాన్నే తిప్పి చూశాయి.

తల ఎత్తేసరికి పెద్దబాపు, సరే, తల ఊపిండు, కానియ్యున్రి అంటున్నాడు. దేవరాజు భార్య హర్షిణి ఒడిలో పూలు పోస్తోంది. తర్వాత అరటిపండ్లు. అవ్వ హారతి అందుకుంది.

అప్పుడైనా ఆగండి అనొచ్చు. పండ్లు పెట్టడం అయ్యేదాకా టైముంది. హర్షిణి అప్పటికీ నన్నే చూస్తోంది. ఆ సమయంలో నా మనసులో ఏముంది? పెద్దబాపు భయమా, పరువా? కాదు. డ్రాయర్లో ఉన్న ఫోన్‌కు ఇప్పటిదాకా ఎన్ని వచ్చి ఉంటాయో అని ఆలోచిస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను గాని నిజం ఇదే.

ఒడి నిండింది. హర్షిణి చూపు తిప్పుకుంది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట శ్రీనివాస్ పలకరించాడు. సన్నటి మనిషి, మర్యాదగా ఉన్నాడు. హర్షిణికి మెసేజ్ పెట్టిన బావా, ఇష్టం లేకుంటే ఒక్క మాట చెప్పుమని, మా బాపుతోని నేనే మాట్లాడుకుంట అని. జవాబు రాలె. ఇష్టమే అనుకున్న అన్నాడు. నేను నవ్వాను. ఆ అబ్బాయి కూడా నవ్వాడు.

జీపులు కదలగానే అజహర్ దుకాణానికి పోయాను. తాళం తీస్తూ, చెప్పినవా అని అడిగాడు. నేను ఫోన్ అందుకుని ఆన్ చేశాను.

24 అక్టోబర్, సోమవారం

సమ్మె వాయిదా. ఇన్ని రోజులు జీతాల్లేక, బస్సుల్లేక, కరెంటు లేక జనం నిలబడ్డారు. రాష్ట్రం రాలేదు. దీక్షలో నా పక్కన కూర్చున్నాయన ఈ రోజు రోడ్డు మీద పిల్లాడిలా ఏడ్చాడు. రేపు ఆఫీసు తాళం నేనే తీయాలి.

నా మెసేజ్‌ల పని అయిపోయింది. హర్షిణి సిమ్ హర్షిణికి ఇచ్చేశాను. అది తీసుకుని ఫోన్‌లో వేసుకోలేదు, గూట్లో పెట్టింది.

2 నవంబర్

ఉద్యమం మెసేజ్‌లు తగ్గాయి. జోకులు వస్తున్నాయి, గుడ్ మార్నింగులు వస్తున్నాయి. కంపెనీ వాళ్లు పాటలు పెట్టుకోమంటున్నారు, క్రికెట్ స్కోరు కావాలా అంటున్నారు. అన్నీ చదువుతున్నాను. ఏమీ రాకపోతే పాతవి చదువుతున్నాను. ఢిల్లీ కోసం చూస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఢిల్లీ పోయింది, చూపు మిగిలింది.

హర్షిణి ల్యాబు మానేసింది. నాతో ఆ వింత మాటలు చెప్పి ఆడే ఆట కూడా మానేసింది. అన్నం పెట్టి, తిను అంటుంది. అంతే.

20 నవంబర్, ఆదివారం

పెళ్లయింది. అప్పగింతలప్పుడు అందరినీ పట్టుకుని ఏడ్చింది. నా దగ్గరకు వచ్చి కాళ్లకు దండం పెట్టి పోయింది.

27 నవంబర్

ఫోన్ అజహర్‌కు అమ్మేశాను.

28 నవంబర్

తిరిగి తీసుకున్నాను. అమ్ముతావని తెలుసు, వస్తావని తెలుసు, పక్కకే పెట్టిన అన్నాడు అజహర్.

18 డిసెంబర్, ఆదివారం, మధ్యాహ్నం

భివండీ నుంచి హర్షిణి చేసింది. పెళ్లయ్యాక తనకు తానుగా నాకు చేయడం ఇదే మొదలు. స్పీకర్ ఆన్ చేసి ముందర పెట్టుకున్నాను. గొంతు మెల్లగా ఉంది, వెనకాల మగ్గాల చప్పుడు. చాలాసేపు మాట్లాడింది. చివర్లో ఏదో అడిగి ఆగింది. ఆ తర్వాత కాల్ కట్టయింది.

అది మాట్లాడుతుండగా ఒక మెసేజ్ వచ్చింది. కాలర్ ట్యూన్ మీద ఆఫర్, ఈ నెలాఖరు వరకు.

నేను సరే అన్నట్టు అవ్వ చెబితే తెలిసింది. వంటింట్లోంచి నా చివరి మాట ఒక్కటే విన్నదట. తిరిగి చేస్తే స్విచ్డ్ ఆఫ్ వస్తోంది. అవ్వ గడప మీద నిలబడింది, చేతిలో గరిటె అట్లాగే ఉంది. బిడ్డ ఏమడిగిందిరా అంటోంది. దేనికి సరే అన్నవు అంటోంది.